బ్రిటన్ కూడా మనలా ఒకే పుస్తకంగా రాజ్యాంగం రాసుకోవాలా? మీ అభిప్రాయం చెప్పండి

శ్రీను_సాగర్‌నగర్ | 2025 నవంబరు 22, రాత్రి 9:14

అందరికీ నమస్తే. ఈ నెల 30 ఆదివారం పొద్దున్న ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో గ్రూప్స్‌కి చదువుకునే పదిహేను మందిమి ఒక చర్చ పెట్టుకున్నాం. రాజ్యాంగ దినోత్సవం 26నే అయినా అందరికీ కుదిరేది ఆదివారమే. చీటీలు తీస్తే నాకు వచ్చింది ఇది: "బ్రిటన్ లిఖిత రాజ్యాంగం రాసుకోవాలి" అని వాదించాలి. ఎనిమిది నిమిషాలు టైమ్.

మన పుస్తకాల్లో ఇది రెండు గడుల పట్టిక. ఒకవైపు లిఖితం, దృఢం (మార్చడం కష్టం), అమెరికా. ఇంకోవైపు అలిఖితం, అదృఢం (మార్చడం తేలిక), బ్రిటన్. నాలుగేళ్ళుగా అదే బట్టీ పట్టాను. మొన్న 2019 నాటి కేసు చదువుతుంటే ఆ పట్టిక సరిపోలేదు. అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ సలహా మీద రాణి పార్లమెంటును ఐదు వారాలు ప్రొరోగ్ చేశారు, అంటే సమావేశాలు ఆపేశారు. బ్రెగ్జిట్ (ఐరోపా యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) గడువు నెత్తి మీదుంది. సెప్టెంబరు 24న అక్కడి సుప్రీంకోర్టులో పదకొండు మంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా అది చెల్లదన్నారు. మర్నాడే సభ మళ్ళీ కూర్చుంది. ఏ ఆర్టికల్ ప్రకారం చెల్లదన్నారో అని వెతికాను. ఆర్టికల్ ఏదీ లేదు. పాత తీర్పులు, ప్రభుత్వం సభకు జవాబు చెప్పాలన్న సూత్రం, అంతే.

ఇప్పుడు నా టెన్షన్ ఏంటంటే, "పుస్తకం లేకుండానే కోర్టు సభను కాపాడింది కదా, ఇక రాయడం దేనికి?" అని అవతలి వాళ్ళు తప్పకుండా అడుగుతారు. నేనేం చెప్పాలి? పెద్దలు, అనుభవం ఉన్నవాళ్ళు సాయం చేయండి.

నల్లకోటు_మహారాణిపేట | నవంబరు 22, రాత్రి 10:02

బాబూ శ్రీనూ, ముందు ఆ "అలిఖిత" అన్న మాట పక్కన పెట్టు. నలభై ఏళ్ళు కోర్టులో నిలబడినవాణ్ణి, మాట దగ్గర నాకు పట్టుదల ఎక్కువ. వాళ్ళ దగ్గర కాగితాలు బోలెడున్నాయి. 1215 మాగ్నా కార్టా, 1689 హక్కుల చట్టం, సింహాసనం ఎవరికి దక్కాలో చెప్పే 1701 చట్టం, 1911, 1949 పార్లమెంటు చట్టాలు, 1998 మానవ హక్కుల చట్టం. అన్నీ రాతలే. వాటిని ఒకే కట్టగా కుట్టలేదు, మిగతా చట్టాల కంటే పై మెట్టు మీద కూర్చోబెట్టలేదు. తేడా అక్కడుంది. మానవ హక్కుల చట్టాన్ని తీసేయాలన్నా, పార్కింగు రుసుము చట్టాన్ని తీసేయాలన్నా సభలో కావలసింది ఒక్క ఓటు ఆధిక్యమే. కాబట్టి "క్రోడీకరించని రాజ్యాంగం" అను.

ఇక నా అభిప్రాయం. రాయకూడదు. నీ చీటీకి వ్యతిరేకంగా చెబుతున్నాను, ఏమీ అనుకోకు.

ఇంగ్లండు ఒకసారి రాసుకుంది. 1653లో క్రామ్‌వెల్ కాలంలో ఒకే పత్రంగా పరిపాలన శాసనం చేసుకున్నారు. నాలుగేళ్ళకే దాని స్థానంలో ఇంకోటి వచ్చింది, తర్వాత రాజే తిరిగి వచ్చాడు. రాజ్యాంగం రాయడానికి ఒక సమయం రావాలి. మనకు వచ్చింది. 1946 డిసెంబరు 9న సభ కూర్చునేటప్పటికి దేశమే కొత్తగా పుట్టబోతోంది. వాళ్ళకు అలాంటి పురిటి రోజు లేదు. సమయం రాకుండా రాయబోతే ఏమవుతుందో చిలీని చూడు. 2022లో ఒక ముసాయిదాను ప్రజలు ఓటేసి తిప్పికొట్టారు, 2023లో ఇంకోదాన్నీ తిప్పికొట్టారు. ఒకటి వామపక్షాల ముద్రతో వచ్చింది, రెండోది కుడిపక్షాల ముద్రతో.

భారతి_గాజువాక | నవంబరు 23, ఉదయం 6:40

నేను నర్సుని. సొంతూరు గాజువాక, ఇప్పుడు ఉండేది బర్మింగ్‌హామ్‌లో. నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

లాయరు గారూ, మీరు కోర్టు వైపు నుంచి చూస్తున్నారు, నేను ఇక్కడ బతుకుతూ చూస్తున్నాను. చాలామందికి తెలియదు, భారత పౌరులకు ఇక్కడ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది, కామన్వెల్త్ దేశం కాబట్టి. 2024 జులైలో నేనూ వేశాను. ఆ ఎన్నికల్లో గెలిచిన లేబర్ పార్టీకి దేశం మొత్తం మీద 34 శాతం కూడా ఓట్లు రాలేదు, 650లో 411 సీట్లు వచ్చాయి. ఆ పార్టీ మంచిదా చెడ్డదా అన్నది కాదు నా మాట. మూడింట ఒక వంతు ఓట్లతో వచ్చిన సభ ఏ హక్కునైనా ఒక మధ్యాహ్నం కూర్చుని తీసేయగలదు. ఆపే తలుపు ఒక్కటీ లేదు.

ఊహించి చెప్పడం లేదు. శరణు కోరి వచ్చినవాళ్ళను రువాండాకు పంపుతామని అంతకుముందు ప్రభుత్వం అంది. 2023 నవంబరు 15న సుప్రీంకోర్టు సాక్ష్యాలన్నీ చూసి, అక్కడికి పంపడం క్షేమం కాదు, చెల్లదంది. ప్రభుత్వం ఏం చేసింది? 2024 ఏప్రిల్‌లో సభలో ఒక చట్టం చేసింది. రువాండా సురక్షిత దేశమే, అధికారులూ కోర్టులూ అలాగే భావించాలి, అని. కోర్టు తేల్చిన వాస్తవాన్ని సభ ఓటేసి మార్చింది. మా వార్డులో నాతో పనిచేసే ఒకావిడ శరణు కోరి వచ్చిన మనిషే, చాలా ఏళ్ళ కిందట. ఆ వార్త వచ్చిన రాత్రి టీ గదిలో కప్పు అలాగే పట్టుకుని కూర్చుంది. "నాకు వచ్చిన కాగితం కూడా ఇలాగే మార్చగలరా?" అని అడిగింది. తర్వాత ప్రభుత్వం మారి ఆ పథకం ఆగింది. అయినా ఆవిడ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

వెంకట్_ఉక్కునగరం | నవంబరు 23, ఉదయం 8:15

అంత దూరం ఎందుకు అక్కా. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో సాక్షాత్తూ ప్రధానమంత్రి నిలబడి ఐదేళ్ళు ప్రత్యేక హోదా అన్నారు. విభజన చట్టంలో ఆ మాట రాయలేదు. ఏమైందో అందరికీ తెలుసు. అదే చట్టం పదమూడో షెడ్యూల్లో రైల్వే జోన్ గురించి రాసి ఉంది కాబట్టి, "పరిశీలించాలి" అన్న బలహీనమైన మాటే అయినా, దాన్ని పట్టుకుని అడగగలిగాం. 2019లో విశాఖ కేంద్రంగా ప్రకటన వచ్చింది. నోటిమాట నీటిమూట. రాసుకోవాలి, అంతే.

నిర్వాహకులు | నవంబరు 23, ఉదయం 8:50

హోదా ఇక్కడ ఉదాహరణ వరకే. ఏ పార్టీ మోసం చేసింది అన్న వైపు వెళ్ళవద్దు. అలాంటి రెండు వ్యాఖ్యలు తొలగించాం.

నల్లకోటు_మహారాణిపేట | నవంబరు 23, ఉదయం 9:30

వెంకట్ గారూ, మీ బాధ నాదీ. కానీ ఒక తేడా చూడండి. సభలో ఇచ్చిన హామీ వేరు, రాజ్యాంగ సంప్రదాయం వేరు. హామీ ఒక మనిషి ఒకరోజు ఇస్తాడు. సంప్రదాయం తరతరాలుగా అందరూ నడిచి వేసిన దారి. బ్రిటన్‌లో సభ పాస్ చేసిన బిల్లుకు రాజు ఆమోదం ఇవ్వకపోవడం 1708 తర్వాత జరగలేదు. ఎక్కడా రాసి లేదు, అయినా మూడు వందల ఏళ్ళుగా ఎవరూ ఆ గీత దాటలేదు. మన దగ్గర ఆర్టికల్ 200లో "వీలైనంత త్వరగా" అని రాసి మరీ ఉంది, గవర్నర్ల దగ్గర బిల్లులు ఏళ్ళ తరబడి ఉంటున్నాయి. మొన్న ఈ నెల 20న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గవర్నర్లకు ఫలానా గడువు అని కోర్టు గీత గీయడానికి వీల్లేదని చెప్పింది. రాసిన దేశంలో బిల్లు ఆగుతోంది, రాయని దేశంలో ఆగడం లేదు. దీనికి ఏమంటారు?

నూకరాజు_బోటు | నవంబరు 23, మధ్యాహ్నం 1:20

నేను చదువుకున్నది పదో తరగతి వరకే. లాయరు గారు సంప్రదాయం, దారి అంటుంటే మా పేట గుర్తొచ్చి రాస్తున్నా.

మాది పెదజాలారిపేట. మాకు రాత లేదు, కట్టుబాటు ఉంది. ఎవరి వల మీద ఎవరి వల పడితే ఏం చేయాలి, అమ్మవారి పండగ రోజు వేటకి ఎవరూ వెళ్ళకూడదు, ఒకడి బోటు చెడితే పక్కవాడు లాక్కొని రావాలి, ఇవన్నీ కట్టుబాటే. మీరితే పెద్దలు కూర్చుని తప్పు వేస్తారు, కట్టాలి. మా తాత రోజుల్నుంచీ పోలీస్ స్టేషను మెట్లెక్కకుండా నడిచింది. ఏటంటే, అప్పుడు అందరి తెప్పా ఒకటే, అందరి వలా ఒకటే. ఈరోజు నేను నీ చేప మీదకి వస్తే రేపు నువ్వు నా చేప మీదకి రాగలవు. ఆ భయమే కట్టుబాటు.

రింగు వల వచ్చాక లెక్క మారిపోయింది. పెద్ద బోటు, పెద్ద వల, గుంపుని గుంపుగా చుట్టేస్తుంది. చిన్న వల వాడికి మిగిలేది ఖాళీ నీళ్ళు. పెద్దలు కూర్చున్నారు, చెప్పారు, వినలేదు. పెద్ద వల వాడికి చిన్నవాడి భయం ఏం ఉంటుంది? 2022 జనవరిలో నడి సముద్రంలో గొడవై బోట్లు తగలబడ్డాయి, ఒడ్డున పోలీసులు దిగారు. అప్పుడు అందరం ప్రభుత్వ కాగితం ముందేసుకుని కూర్చున్నాం. ఒడ్డుకి ఎంత దూరంలో వేయాలి, వల కన్ను ఎంత ఉండాలి, అంతా అందులో ఉంది. ముందు నుంచీ ఉంది, మాకు అక్కర పడక ఎవరం చూడలేదు.

సమానంగా ఉన్నన్నాళ్ళు కట్టుబాటు చాలు. ఒకడి వల పెద్దదైతే కాగితం కావాలి. బ్రిటన్ సంగతి మీకే తెలియాలి.

నల్లకోటు_మహారాణిపేట | నవంబరు 23, మధ్యాహ్నం 3:05

నూకరాజు గారూ, నమస్కారం. మీరు చెప్పింది బ్రిటన్‌లో అక్షరాలా జరిగింది. డబ్బు బిల్లుల జోలికి ప్రభువుల సభ (ఎన్నిక కాని ఎగువ సభ) పోకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. 1909లో లాయిడ్ జార్జ్ బడ్జెట్ భూస్వాముల మీద పన్ను వేయబోయేసరికి ఆ సభ దాన్ని తిప్పికొట్టింది. రెండు ఎన్నికలు జరిగాక 1911లో చట్టం రాసి ఆ సభ చేతులు కట్టేశారు. కట్టుబాటు తెగినచోట కాగితం వచ్చింది.

నా వాదానికి ఇది దెబ్బేనని ఒప్పుకుంటున్నాను. కానీ వాళ్ళు రాసింది తెగిన చోటు వరకే. మొత్తం వల విప్పి కొత్తగా అల్లలేదు. నేనూ అదే చాలంటున్నాను.

లలిత_ఏయూ | నవంబరు 23, సాయంత్రం 7:48

నేను లా రెండో సంవత్సరం. సర్, తెగిన చోటే కుట్టడం చాలదనడానికి ఒక కేసు ఉంది. స్కాట్లాండుకు అప్పగించిన విషయాల మీద అక్కడి సభ సమ్మతి లేకుండా లండన్ పార్లమెంటు మామూలుగా చట్టం చేయదు అన్నది ఒక సంప్రదాయం, సీవెల్ సంప్రదాయం అంటారు. దాన్ని 2016 స్కాట్లాండ్ చట్టంలో రాశారు కూడా. 2017 జనవరిలో బ్రెగ్జిట్ కేసులో సుప్రీంకోర్టు ఏమంది? చట్టంలో రాసినంత మాత్రాన అది కోర్టు అమలు చేసే హక్కు కాలేదు, అది రాజకీయ సంప్రదాయంగానే ఉండిపోయింది అంది. తర్వాత స్కాట్లాండు సభ సమ్మతి ఇవ్వకపోయినా బ్రెగ్జిట్ చట్టాలు పాసయ్యాయి. పై మెట్టు లేని రాత అంటే ఇదే. మామూలు చట్టంలో రాయడం ఇసుకలో రాయడంలా తయారైంది.

నూకరాజు గారి మాట ప్రకారం చూస్తే ఇక్కడ పెద్ద వల ఇంగ్లండు. ఆ దేశ జనాభాలో దాదాపు 84 శాతం అక్కడే ఉంది.

శ్రీనూ, ఒకే పుస్తకం లేనిది బ్రిటన్ ఒక్కటే కాదు, ఇజ్రాయెల్, న్యూజిలాండ్ కూడా చూసుకో. న్యూజిలాండ్ తన ఎగువ సభను 1950లో మామూలు చట్టంతో రద్దు చేసేసుకుంది, మళ్ళీ రాలేదు. మన శాసన మండలిని 1985లో తీసేయడానికి, 2007లో తిరిగి తేవడానికి ఆర్టికల్ 169 కింద అసెంబ్లీ తీర్మానం, ఆపైన పార్లమెంటు చట్టం, రెండూ కావలసి వచ్చాయి. 2020లో మళ్ళీ రద్దు తీర్మానం చేశారు, ఢిల్లీలో ఆగింది, 2021లో వెనక్కి తీసుకున్నారు. ఒక్కరోజు కోపం చట్టంగా మారకుండా మధ్యలో ఒక మజిలీ ఉంది.

సీతమ్మధార_రావు | నవంబరు 23, రాత్రి 9:26

రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. పిల్లలు ఇంత శ్రద్ధగా మాట్లాడుకుంటుంటే ఊరుకోలేకపోయాను.

వెంకట్ 2014 ఫిబ్రవరి 20 అన్నాడు. తెలుగువాళ్ళ చరిత్రలో ఇంకో ఫిబ్రవరి 20 ఉంది, 1956లో. ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఢిల్లీలో కూర్చుని పద్నాలుగు అంశాల మీద సంతకాలు చేశారు. దాని పేరే పెద్దమనుషుల ఒప్పందం. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు ఉండాలన్నది అందులో ఒక అంశం. ఆ నవంబరులో ఏర్పడిన తొలి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి లేడు. అడగడానికి కోర్టు లేదు, ఎందుకంటే అది చట్టం కాదు. పెద్దమనుషులు పెద్దమనుషుల్లా ఉంటారన్న నమ్మకం మీద ఒక రాష్ట్రాన్ని నిలబెట్టాం. 1969లో తెలంగాణ రగిలింది, 1972లో ఇటు జై ఆంధ్ర. అప్పుడు నేను ఇంటర్మీడియట్. కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి, మా తరగతిలో ఒక ఏడాది గాలికి పోయింది.

ఆ తర్వాత ఏం చేశారు? 1973లో ముప్పై రెండో సవరణతో ఆర్టికల్ 371డి తెచ్చి రాజ్యాంగంలోనే పెట్టారు. ఏయూ ప్రాంతంలో చదివిన పిల్లవాడికి ఇక్కడి సీట్లలో 85 శాతం స్థానిక కోటా ఉందంటే అది దాని చలవే. ఉల్లంఘనలు జరగలేదని చెప్పను, 1985లో 610 జీవో ఇచ్చింది ఆ ఉల్లంఘనల మీదే. అయినా ఏ గీత దాటారో చూపించడానికి ఒక గీత ఉంది. ఒప్పందం పదమూడేళ్ళు నిలవలేదు, ఆర్టికల్ యాభై ఏళ్ళు దాటినా, రాష్ట్రమే రెండయినా, ఇంకా ఉంది.

బ్రిటన్ రాజ్యాంగం నిండా పెద్దమనుషుల ఒప్పందాలే. నేను రాయమనే వైపు.

నల్లకోటు_మహారాణిపేట | నవంబరు 23, రాత్రి 10:40

రావు గారూ, మీరు మాస్టారు, మీ మాట కాదనడానికి మొహమాటంగా ఉంది. అయినా రెండు తేదీలు చెప్పి తీరాలి.

1976 ఏప్రిల్ 28. ఎమర్జెన్సీలో జైల్లో పెట్టినవాడు కోర్టుకు రావచ్చా అన్నది ప్రశ్న. పుస్తకం ఉంది, ఆర్టికల్ 21 ఉంది, ప్రాణం, స్వేచ్ఛ అని స్పష్టంగా రాసి ఉంది. ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు రాకూడదన్నారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు, తర్వాత ఆయనకు ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు. పుస్తకం ఆ రాత్రి ఎవరినీ బయటికి తేలేదు.

1984 ఆగస్టు 16. ఎన్టీఆర్‌కు మెజారిటీ ఉందని రాష్ట్రమంతా చూస్తుండగా గవర్నర్ రాంలాల్ ఆయన్ని దించేశారు. అదే రాజ్యాంగం, ముఖ్యమంత్రి నియామకం గురించి చెప్పే ఆర్టికల్ 164. అప్పుడు నేను జూనియర్‌ని. కోర్టు ఆవరణలో చెట్టు కింద రేడియో చుట్టూ లాయర్లం నిలబడ్డాం. సీనియర్ ఒకాయన పుస్తకం తెరిచి ఆ ఆర్టికల్ చదివారు, మూసేశారు, ఏమీ అనలేదు. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ తిరిగి గద్దె ఎక్కారంటే రోడ్డెక్కిన జనం వల్ల. పుస్తకం వల్ల కాదు.

హంగరీలో 2011లో మూడింట రెండొంతుల బలం ఉన్న పార్టీ ఒకటే కూర్చుని కొత్త రాజ్యాంగం రాసుకుంది. రాత పెద్ద వల చేతిలో కూడా ఉండగలదు నూకరాజు గారూ. అంబేద్కర్ గారు 1949 నవంబరు 25న సభలో చెప్పింది ఇదే కదా, నడిపేవాళ్ళు చెడ్డవాళ్ళయితే ఎంత మంచి రాజ్యాంగమైనా చెడుతుందని.

లలిత_ఏయూ | నవంబరు 24, ఉదయం 7:10

సర్, ఆ రెండు తేదీల తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. 1978లో నలభై నాలుగో సవరణ వచ్చింది. ఎమర్జెన్సీ పెట్టినా ఆర్టికల్ 20, 21 అమలును ఆపకూడదని రాశారు. 1994లో, రాష్ట్ర ప్రభుత్వాలను దించేయడం మీద వచ్చిన బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు మెజారిటీ తేలాల్సింది సభలోనే, రాజ్‌భవన్‌లో కాదు అన్నారు. ఎక్కడ చిరిగిందో వేలు పెట్టి చూపించగలిగాం కాబట్టి అక్కడ కుట్టగలిగాం. బ్రిటన్‌లో అదే జరిగి ఉంటే ఏ వాక్యం మార్చాలి?

పాడేరు_మాస్టారు | నవంబరు 24, రాత్రి 8:33

ఏజెన్సీలో సిగ్నల్ సరిగా ఉండదు, రెండు రోజుల పోస్టులన్నీ ఒకేసారి చదివాను. నేను గిరిజన పాఠశాలలో పనిచేస్తాను. మా సంగతి చెప్తాను.

బొర్రా గుహలు చూడడానికి అందరూ వస్తారు. వాటి చుట్టుపక్కల అనంతగిరి మండలం ఊళ్ళలో ప్రైవేటు గనులకు లీజులు ఇచ్చారు. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద గిరిజనులకు రక్షణ ఉన్న ప్రాంతం అది. సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి ఇవ్వకూడదన్న 1959 నాటి రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ ప్రభుత్వానికి కూడా వర్తిస్తాయి, ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీకి గనుల కోసం లీజుకు ఇవ్వడానికి వీల్లేదు అంది. ప్రభుత్వాన్నే కట్టేసిన తీర్పు. అది రావాలంటే ప్రభుత్వం కంటే పైన ఒక రాత ఉండాలి. ఐదో షెడ్యూల్ ఉంది కాబట్టి వచ్చింది.

ఆ చుట్టుపక్కల ఒక ఊళ్ళో పెద్దాయన ఇంట్లో నేను చూసింది చెప్తాను. దూలానికి ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతుంది. లోపల రేషన్ కార్డు, పట్టా కాగితం, వాటితోపాటు ఆ తీర్పులో ఒక పేజీ జిరాక్సు. మడతల దగ్గర అరిగి అక్షరాలు పోయాయి. ఆయనకు చదవడం రాదు. కింద గీత ఎక్కడుందో మాత్రం వేలికి తెలుసు. గ్రామసభకు బయటి మనుషులు ఎవరైనా వస్తే ఆ కవరు పట్టుకుని వెళ్తాడు, మాట్లాడే ముందు దాన్ని ఒళ్ళో పెట్టుకుంటాడు.

లాయరు గారూ, సంప్రదాయం అందరూ నడిచిన దారి అన్నారు. ఆ దారిలో మేం ఎప్పుడు నడిచాం? సభల్లో, క్లబ్బుల్లో ఒకరినొకరు ఎరిగినవాళ్ళకు కట్టుబాటు చాలు. లోపల మనిషి లేనివాడికి కాగితమే మనిషి.

నల్లకోటు_మహారాణిపేట | నవంబరు 24, రాత్రి 9:50

మాస్టారూ, మీరు చూపించిన ఆ కవరు ముందు నా వాదం చిన్నదే. అయినా చట్టం తెలిసినవాడిగా ఒకటి అడగాలి. మీ ప్రాంతానికి రక్షణ రాజ్యాంగంతో మొదలవలేదు. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తీసి గవర్నర్ ఏజెంటు కింద పెట్టారు, ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చింది. 1917లో భూబదిలీ చట్టం కూడా వచ్చింది. అంటే రాజ్యాంగం లేని బ్రిటిషువాడే మామూలు చట్టంతో మీ భూమి కాపాడాడు కదా?

పాడేరు_మాస్టారు | నవంబరు 24, రాత్రి 10:15

1917లో భూమికి చట్టం వచ్చింది నిజమే. అడవిలో పోడు కొట్టుకుంటే నేరం అన్నదీ వాళ్ళ చట్టమే, కూలి సరిగా ఇవ్వకుండా ఘాట్ రోడ్డు వేయించుకున్నదీ వాళ్ళ అధికారులే. 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషను మీదకి అల్లూరి సీతారామరాజుతో మా తాతలు ఎందుకు వెళ్ళారు? ఏజెంటు దయ మీద బతకడం రక్షణ కాదు. ఇచ్చిన చెయ్యే తీసుకోగలిగితే దాన్ని హక్కు అనరు.

రాసింది అంతా నిలబడలేదని కూడా చెప్పాలి. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే అన్న 2000 నాటి మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో అదే సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రోజు మా స్టాఫ్‌రూంలో ఎవరం అన్నం తినలేదు. పుస్తకం మాకు అన్నీ ఇస్తుందని నేను అనను. ఓడినా ఎందుకు ఓడామో చదువుకోగలుగుతున్నాం, మళ్ళీ అడగగలుగుతున్నాం.

భారతి_గాజువాక | నవంబరు 25, ఉదయం 6:55

మాస్టారూ, మీ పోస్టు నాలుగుసార్లు చదివాను. లోపల మనిషి లేనివాడికి కాగితమే మనిషి. టీ గదిలో ఆవిడకు ఈ మాట ఇంగ్లీషులో చెప్పడానికి ప్రయత్నించాను, సరిగా రాలేదు కానీ ఆవిడకు అర్థమైంది.

శ్రీను_సాగర్‌నగర్ | నవంబరు 30, సాయంత్రం 5:30

చర్చ అయింది. అందరికీ ధన్యవాదాలు. లాయరు గారు నిజంగానే వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు.

నేను మొదలుపెట్టింది నూకరాజు గారి వలతో, ఆపైన 1909, 1911. మధ్యలో 1956 ఒప్పందం, 371డి. చివర సమత తీర్పు. రాయాలి, కానీ మనంత పొడుగ్గా అక్కర్లేదు అన్నాను. మనది 395 ఆర్టికళ్ళతో మొదలైంది. వాళ్ళు నాలుగు విషయాలు రాసుకున్నా చాలు: మామూలు మెజారిటీతో తీయలేని హక్కులు, స్కాట్లాండు, వేల్స్, ఉత్తర ఐర్లండు సభల అధికారాలు, పార్లమెంటును ఎవరు ఎప్పుడు ఆపగలరు, ఈ పుస్తకాన్ని మార్చడానికి ఎంత బలం కావాలి. 2019 కేసు గురించి అడిగారు. ఆ రోజు కోర్టు కాపాడింది నిజమే, కానీ రేపు సభ ఒక మామూలు చట్టంతో ఆ తీర్పును పక్కన పెట్టగలదు అని రువాండా ఉదాహరణ చెప్పాను.

లాయరు గారి ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాను. "ఎవరు రాస్తారు? తలలు లెక్కబెట్టి సభ పెడితే ఇంగ్లండు రాసిన పుస్తకమవుతుంది. నాలుగు ప్రాంతాలకూ సమానంగా ఇస్తే ఇంగ్లండు ఒప్పుకోదు." రావు మాస్టారు అక్కడే ఉండి, మన సభ కూడా అందరూ ఓటేసి ఎన్నుకున్నది కాదు, ప్రాంతీయ శాసనసభల నుంచి వచ్చినవాళ్ళతో కూర్చున్నదే, అందులోనే జైపాల్ సింగ్ ముండా ఆదివాసుల తరఫున నిలబడ్డారు, మన రాజమండ్రి దుర్గాబాయి ఆడవాళ్ళ ఆస్తి హక్కు అడిగారు అన్నారు. అది సగం జవాబే అనిపించింది. మిగతా సగం నాకింకా దొరకలేదు.

చేతులెత్తితే పదిహేను మందిలో తొమ్మిది మంది రాయాలన్నారు.

నల్లకోటు_మహారాణిపేట | నవంబరు 30, రాత్రి 8:10

కుర్రాడు బాగా మాట్లాడాడు. నా చెయ్యి లేవలేదు, ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా లేవదు. కానీ హక్కులు ఒక్కటీ పై మెట్టు మీద పెట్టాలన్న దగ్గర మాత్రం నేను మీవైపు వచ్చాను. భారతమ్మా, మీ వార్డులో ఆవిడకు ఆ సంగతి చెప్పు.

నూకరాజు_బోటు | డిసెంబరు 1, ఉదయం 5:50

మా వాడు ఇంటర్లో ఉన్నాడు, ఇదంతా వాడిచేత చదివించుకున్నా. రాజ్యాంగం తెలుగులో పుస్తకంగా దొరుకుతుందా? ఫోన్లో కాదు, చేతిలో పట్టుకునేది కావాలి.

పాడేరు_మాస్టారు | డిసెంబరు 1, రాత్రి 9:05

దొరుకుతుంది నూకరాజు గారూ, నా దగ్గర రెండు కాపీలున్నాయి. శనివారం మధ్యాహ్నం పాడేరు బస్సులో తెలిసిన కండక్టరు చేతికిచ్చి పంపుతాను, కాంప్లెక్సులో తీసుకోండి. ఐదో షెడ్యూల్ పేజీల్లో నా పెన్సిల్ గీతలుంటాయి, తుడపకండి.